గాయపడ్డ ఆటగాణ్ణి మళ్లీ ఎప్పుడు దించాలి?

(బాస్కెట్‌బాల్ కోచ్‌లు, వ్యాయామ ఉపాధ్యాయులు, తల్లిదండ్రుల సదస్సులో ఒక స్పోర్ట్స్ ఫిజియోథెరపిస్టు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

గాయపడిన పిల్లల్ని నా దగ్గరికి తీసుకొచ్చే తల్లిదండ్రులైనా, పీఈటీ సార్లయినా కూర్చోగానే అడిగేది ఒకటే. "ఎన్నాళ్లకి ఆడొచ్చండీ?" గాయం ఎక్కడ, ఎంత అన్నది ఆ తర్వాత. వాళ్ల ఆత్రుత నాకు అర్థమవుతుంది. జిల్లా సెలక్షన్స్ ఎవరి కాలు బాగయ్యేదాకా ఆగవు. కానీ నేను "ఆరు వారాలు" అన్నాననుకోండి, ఆ మాట ఇంటికెళ్లి క్యాలెండర్ మీద గుర్తుగా మారిపోతుంది. ఆరో వారం రాగానే కాలు ఎలా ఉందో చూసేవాళ్లు ఉండరు. గడువు తీరింది కదా అని షూ లేసులు బిగిస్తారు. వారాల లెక్క ఒక అంచనాకి పనికొస్తుంది. పిల్లవాణ్ణి కోర్టులోకి దించడానికి అది చాలదు. ఏం చూస్తే చాలుతుందో ఇవాళ మాట్లాడుకుందాం.

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ 2019 ఫైనల్స్ మీలో చాలామంది చూసే ఉంటారు. గోల్డెన్ స్టేట్ వారియర్స్, టొరంటో రాప్టర్స్. వారియర్స్ స్టార్ కెవిన్ డ్యురాంట్‌కి అంతకు ముందే, మే 8న హ్యూస్టన్‌తో ఆడుతుండగా కుడికాలి పిక్క దెబ్బతింది. షాట్ వేసి కిందికి దిగి, వెనక నుంచి ఎవరో తన్నినట్టు తిరిగి చూశాడు. ఆ చూపు చూస్తే మా వృత్తిలో ఉన్నవాళ్లకి గుండె ఝల్లుమంటుంది. మడమ పైనుండే అకిలిస్ టెండన్ తెగినవాళ్లు అచ్చం అలాగే వెనక్కి చూస్తారు. స్కానింగ్ తీస్తే, అప్పటికి పిక్క కండరానికి తగిలిన గాయమేనని తేలింది.

తొమ్మిది మ్యాచ్‌లు బయట కూర్చున్నాడు. ఈలోగా ఫైనల్స్‌లో వారియర్స్ 3-1తో వెనకబడ్డారు. ఇంకొక్కటి ఓడితే అంతే సంగతులు. ఐదో మ్యాచ్ జూన్ 10న. డ్యురాంట్ జట్టుతో కలిసి ప్రాక్టీస్‌లోకి దిగింది దానికి ముందురోజే. మ్యాచ్‌లో మాత్రం అద్భుతంగా మొదలుపెట్టాడు. 12 నిమిషాల్లో 11 పాయింట్లు చేశాడు, వేసిన మూడు త్రీ-పాయింటర్లూ పడ్డాయి. రెండో క్వార్టర్ మొదట్లో డ్రిబుల్ చేస్తూ దిశ మార్చబోయాడు. కుడికాలి అకిలిస్ తెగింది. ఆ మ్యాచ్ వారియర్స్ 106-105తో గెలిచారు, ఆరో మ్యాచ్‌లో ఓడి సిరీస్ పోగొట్టుకున్నారు. డ్యురాంట్ మళ్లీ లీగ్ మ్యాచ్ ఆడింది 2020 డిసెంబర్ 22న, బ్రూక్లిన్ నెట్స్ తరఫున.

ఆ రాత్రి వారియర్స్ అధికారి బాబ్ మయర్స్ విలేకరుల ముందు కన్నీళ్లు ఆపుకోలేకపోయాడు. అందరం కలిసి తీసుకున్న నిర్ణయమిది, ఎవరినైనా తప్పుపట్టక తప్పదనుకుంటే నన్నే పట్టండి అన్నాడు. ఆ మాట నేను నమ్ముతాను. అక్కడ డాక్టర్లకు కొదవ లేదు, స్కానింగులకు కొదవ లేదు. ఆటగాడూ ఆడతానన్నాడు. మరి ఎక్కడ తేడా వచ్చింది? కోచ్ స్టీవ్ కెర్ తర్వాత చెప్పినదాన్ని జాగ్రత్తగా వినాలి. మహా అయితే పిక్క గాయం తిరగబెడుతుంది, అంతకు మించి ఏమీ జరగదని అనుకున్నాం, అకిలిస్ తెగడం మాత్రం అస్సలు ఊహించలేదు అన్నది ఆయన మాటల సారాంశం.

ఒక్కసారి అందరూ వంగి మీ పిక్క పట్టుకోండి. సిగ్గుపడకండి, పట్టుకోండి. మోకాలి కింద మెత్తగా, లావుగా ఉంది కదా? అలాగే వేళ్లు కిందికి జరుపుతూ రండి. కండ సన్నబడుతూ వచ్చి, సగం దాటాక గట్టి పట్టీలా తగులుతుంది. ఇంకా కిందికి వెళ్తే మడమ ఎముక. ఆ పట్టీయే అకిలిస్. పైన కండ, కింద టెండన్, రెండూ ఒకే వరస. మీరు గాల్లోకి లేచినప్పుడు, దిగినప్పుడు, ఒక్కసారిగా ఆగి మళ్లీ దూసుకెళ్లినప్పుడు బరువంతా ఆ వరస మీదే పడుతుంది. పైభాగం బలహీనంగా ఉన్నప్పుడు కింది భాగం గురించి కూడా ఆలోచించాలి. డ్యురాంట్ విషయంలో పిక్క గాయం వల్లనే అకిలిస్ తెగిందని ఖాయంగా తేల్చలేం. పిక్క బాగున్నవాళ్లకి కూడా తెగుతుంది. కానీ జరగగల అతి పెద్ద చెడు ఏమిటో బల్ల మీద పెట్టకుండా నిర్ణయం తీసుకుంటే, ఎంతమంది డాక్టర్లున్నా అది సగం నిర్ణయమే.

ఇప్పుడు ఆరేళ్లు ముందుకి వద్దాం. 2025 ఫైనల్స్, ఇండియానా పేసర్స్, ఓక్లహోమా సిటీ థండర్. ఐదో మ్యాచ్‌లో పేసర్స్ స్టార్ టైరీస్ హాలిబర్టన్ కుడి పిక్కకి గాయమైంది. ఆరో మ్యాచ్ ఆడాడు, జట్టు గెలిచింది. జూన్ 22న టైటిల్ తేల్చే ఏడో మ్యాచ్. మొదటి క్వార్టర్‌లోనే మూడు త్రీ-పాయింటర్లు వేసి, ఆ వెంటనే బంతితో ముందుకు నెట్టుకెళ్లబోయి పడిపోయాడు. కుడికాలి అకిలిస్. తర్వాతి సీజన్ మొత్తానికీ అందుబాటులో ఉండడని జట్టు ప్రకటించింది. తను మాత్రం, మళ్లీ ఆ పరిస్థితే వస్తే మళ్లీ ఆడతానన్నాడు, పశ్చాత్తాపం లేదన్నాడు.

అతన్ని నేను తప్పుపట్టను. 25 ఏళ్లవాడు. 2019లో ఏం జరిగిందో తెలుసు, ఎదురుగా ఉన్నది ఏడో మ్యాచ్ అని తెలుసు. తన శరీరం, తన వృత్తి, తను ఎంచుకున్నాడు. కానీ మనం చూసే పిల్లలు పదిహేనేళ్లవాళ్లు, పదిహేడేళ్లవాళ్లు. అంతర్ జిల్లా పోటీల్లో క్వార్టర్ ఫైనల్ వాళ్లకి ప్రపంచమంత పెద్దది. ముప్పై ఏళ్లప్పుడు మెట్లు దిగుతుంటే మోకాలు పట్టుకుంటుందంటే వాళ్లకి ఎక్కదు, ఎక్కాలని ఆశించడం కూడా న్యాయం కాదు. హాలిబర్టన్‌కి ఉన్న హక్కు ఈ పిల్లలకి ఉందని చెప్పి మనం చేతులు దులుపుకోకూడదు. "వాడే ఆడతానన్నాడండీ" అనే మాట పెద్దవాళ్ల నోట్లోంచి రాకూడదని నా గట్టి అభిప్రాయం.

కెనడాకు చెందిన ఇయాన్ ష్రైయర్ అనే క్రీడావైద్యుడు 2015లో ఈ నిర్ణయానికి ఒక చట్రం ప్రతిపాదించారు. మూడు మెట్లు. గాయపడిన చోటు ఎంతవరకు మానింది? ఆడబోయే ఆట దాని మీద ఎంత బరువు పెడుతుంది? ఆ రెండింటి వల్ల వచ్చే ప్రమాదం ఎంతవరకు భరించదగ్గది? మొదటి రెండూ ఎక్కువమంది ఆలోచిస్తారు. అదే చీలమండ బెణుకుతో ఈత కొట్టొచ్చు, రింగుకి తగిలి తిరిగొచ్చే బంతి (రీబౌండ్) కోసం ఎగిరి ఇంకొకరి పాదం మీద దిగలేం. అది తేలిగ్గానే అర్థమవుతుంది.

అసలు చిక్కంతా మూడోదాంట్లో. సీజన్ చివరి మ్యాచా, మొదటి మ్యాచా? ఇంట్లో ఒత్తిడి ఉందా? మన దగ్గర ఈ ఒత్తిడి ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. రాష్ట్రస్థాయి ఆడితే సర్టిఫికెట్, సర్టిఫికెట్ ఉంటే స్పోర్ట్స్ కోటాలో ఇంజనీరింగ్ సీటో, మెడికల్ సీటో. ఏళ్ల తరబడి తెల్లవారుజామున పిల్లని గ్రౌండుకి దింపిన నాన్నగారు ఆ ఒక్క టోర్నీ కోసమే ఎదురుచూస్తుంటారు. ఆ ఆశ తప్పని నేననను. ఆ సర్టిఫికెట్ విలువ నిజమే, దాన్ని లెక్కలో వేయాల్సిందే. అయితే పైకి చెప్పి లెక్కలో వేయాలి. "కాలు 70 శాతమే బాగుంది, కానీ ఇది ఆఖరి అవకాశం, అందుకని ఇంత రిస్కు తీసుకుంటున్నాం" అని నోరు తెరిచి అంటే, అప్పుడు ఆ రిస్కు ఎంతో మాట్లాడుకోవచ్చు. చాలాచోట్ల జరిగేది వేరు. సర్టిఫికెట్ కోసం దించాలని లోపల ముందే అనుకుని, పైకి "కాలు బాగయిపోయింది" అంటారు.

నొప్పి సంగతి. "మావాడు నొప్పి లేదంటున్నాడు" అన్నది నేను రోజూ వినే మాట. నొప్పి ఉంటే ఆడకూడదు, అందులో వాదన లేదు. నొప్పి లేకపోతే ఆడొచ్చా? పోర్ట్‌లాండ్ జట్టులో సెంటర్ స్థానంలో ఆడిన బిల్ వాల్టన్ 1978లో లీగ్ అత్యుత్తమ ఆటగాడు. పాదం నొప్పితో ఉన్నవాడు ప్లేఆఫ్స్‌లో నొప్పి తెలియకుండా ఇంజెక్షన్ తీసుకుని దిగాడు. తర్వాత ఎక్స్‌రే తీస్తే పాదంలో నావిక్యులర్ అనే ఎముక విరిగి ఉంది. తర్వాతి సీజన్ మొత్తం ఆడలేదు, ఆ పాదాలు ఆయన్ని కెరీర్ పొడవునా వేధించాయి. మన దగ్గర ఇంజెక్షన్ దాకా వెళ్లరు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న నొప్పి మాత్ర, హాఫ్ టైమ్‌లో స్ప్రే. పని అదే చేస్తాయి. మ్యాచ్ ఆడటానికి నొప్పి మాత్ర వేసుకోవాల్సి వస్తోందంటే, ఆ మాత్రే మీకు జవాబు చెప్తోంది.

నొప్పి నమ్మించి మోసం చేసేది అన్నిటికన్నా ఎక్కువగా ఏసీఎల్ దగ్గర. మోకాలి లోపల ఎముకల్ని కలిపి పట్టి ఉంచే ఆ లిగమెంట్ తెగితే, "పుత్తూరు కట్టు కట్టిస్తే సరిపోదా?" అని ఇప్పటికీ అడుగుతుంటారు. మోకాలి లోపల తెగినదాన్ని బయట కట్టే ఏ కట్టూ పట్టి ఉంచలేదు. ఆపరేషన్‌లో మన సొంత టెండన్ ముక్కనే తీసి లిగమెంట్ స్థానంలో బిగిస్తారు. ఆ ముక్క మొదటి కొన్ని నెలల్లో బలపడకపోగా ఇంకా బలహీనపడుతుంది, ఆ తర్వాతే నెమ్మదిగా లిగమెంట్‌గా మారుతుంది. ఈ మార్పుకి ఏడాదీ పట్టొచ్చు, ఇంకా ఎక్కువా పట్టొచ్చు. పిల్లవాడికేమో నాలుగో నెలకే వాపు పోతుంది, నొప్పి పోతుంది, పరిగెత్తుతాడు. "బ్రహ్మాండంగా ఉందండీ" అంటాడు. అబద్ధం కాదు, వాడికి అలాగే అనిపిస్తుంది.

నార్వే పరిశోధకులు 2016లో ప్రచురించిన ఒక అధ్యయనం ఉంది. ఆపరేషన్ తర్వాత తొమ్మిది నెలలు నిండేదాకా, ఆటలోకి రావడాన్ని ఒక్కో నెల వాయిదా వేసినకొద్దీ మోకాలు మళ్లీ దెబ్బతినే రేటు దాదాపు సగానికి సగం తగ్గుతూ వచ్చింది. ఇంకో సంగతి నాకు అంతకన్నా ముఖ్యమనిపిస్తుంది. బలం పరీక్షలు, గెంతు పరీక్షలు అన్నీ పాసై ఆటలోకి వెళ్లినవాళ్లలో మళ్లీ మోకాలు దెబ్బతిన్నది 5.6 శాతం మందికి. పాస్ కాకుండానే వెళ్లినవాళ్లలో 38 శాతం మందికి. చిన్న అధ్యయనమే, వందకి కాస్త పైన మనుషులు. అయినా ఆ తేడా చూసి కూడా పరీక్ష పెట్టకుండా పిల్లల్ని పంపడానికి నాకు మనసొప్పదు.

గెంతు పరీక్షకి మెషీన్లు అక్కర్లేదు. నేల మీద ఒక టేప్ పరచండి. ఒంటికాలి మీద నిలబడి ముందుకి గెంతి, అదే కాలి మీద దిగి, కదలకుండా నిలవాలి. దూరం కొలవండి. రెండు కాళ్లకీ చేయండి. గాయపడిన కాలు మంచి కాలి దూరంలో కనీసం 90 శాతం గెంతాలి. ఇక్కడ ఒక చిక్కుంది. నెలల తరబడి ఆడకపోతే మంచి కాలు కూడా బలం కోల్పోతుంది. బలహీనపడ్డ కాలితో పోల్చి 90 వచ్చిందంటే సంతోషించడానికి లేదు. అందుకే సీజన్ మొదట్లోనే, అందరూ బాగున్నప్పుడే, జట్టులో ప్రతి ఒక్కరి రెండు కాళ్ల దూరాలూ రాసి పెట్టుకోండి. ఒక్క సాయంత్రం పని.

దూరంతో పాటు దిగే తీరు చూడాలి. ఫోన్ కెమెరాని మోకాలి ఎత్తులో, ఎదురుగా పెట్టి స్లో మోషన్‌లో తీయండి. పాదం నేలకి తాకిన క్షణంలో మోకాలు లోపలికి, రెండో కాలి వైపుకి వాలుతోందా? చప్పుడు వినండి. బాగున్న కాలు మోకాలు వంచుకుంటూ మెత్తగా దిగుతుంది, భయపడుతున్న కాలు బిగుసుకుని టప్పున కొడుతుంది. దూరం సరిగ్గా వచ్చినా, మోకాలి పని తుంటికి అప్పగించి నెట్టుకొచ్చేవాళ్లు ఉంటారు. తొడ కండ బలాన్ని ఫిజియో దగ్గర విడిగా కొలిపించమనేది అందుకే.

పిక్క గాయానికైతే పరీక్ష ఇంకా తేలిక. ఒంటికాలి మీద, వేలి కొసలతో గోడని ఆనించుకుని, మడమ పైకెత్తి దించడం. సాధారణంగా పాతిక సార్ల దాకా వెళ్లగలగాలి. లెక్కతో పాటు మడమ ఎత్తు గమనించండి. పదో సారికే మడమ సగం ఎత్తుకి పడిపోతుంటే, అక్కడితో లెక్క ఆపేయాలి.

ఇక మనసు. చికాగో బుల్స్ గార్డ్ డెరిక్ రోజ్‌కి 2012 ఏప్రిల్ 28న ఎడమ మోకాలి ఏసీఎల్ తెగింది. 2013 మార్చి నాటికి డాక్టర్లు ఆడొచ్చన్నారని వార్తలొచ్చాయి. అతను మాత్రం ఆ సీజన్‌లో దిగలేదు. ఎన్ని మాటలు పడ్డాడో! ఆ నవంబరులో, తిరిగొచ్చిన కొద్ది వారాలకే, రెండో మోకాలి మెనిస్కస్ (ఎముకల మధ్య మెత్తలా ఉండే మృదులాస్థి) చిరిగింది. దీన్నిబట్టి ముందే దిగి ఉండాల్సిందని గానీ, ఇంకా ఆగాల్సిందని గానీ ఎవరూ రుజువు చేయలేరు. తన కాలిని తను నమ్మడం లేదని ఒక ఆటగాడు అంటే, దాన్ని పిరికితనం కింద జమకట్టే హక్కు మాత్రం ఎవరికీ లేదు. భయంతో ఆడేవాడు సగం ఎగురుతాడు, బంతిని వదిలి కాలిని చూసుకుంటాడు, ఆలస్యంగా దిశ మారుస్తాడు. గాయాలయ్యేది అలాంటప్పుడే. ఏసీఎల్ అయినవాళ్ల మానసిక సంసిద్ధతని కొలవడానికి 12 ప్రశ్నల పట్టిక ఒకటి ఉంది, మేం వాడతాం. మీరు అంత దూరం వెళ్లకపోయినా, పిల్లని పక్కకి పిలిచి, అమ్మానాన్నలు వినకుండా, "నీకు దిగాలని ఉందా?" అని ఒక్క మాట అడగండి. జవాబుకి ముందు ఎంతసేపు ఆగిందో గమనించండి.

మరి నిర్ణయం ఎవరిది? మ్యాచ్ గెలవాల్సిన అవసరం ఉన్నవాళ్ల చేతిలో ఆఖరి మాట ఉండకూడదు. కోచ్‌లని అవమానించడానికి ఈ మాట అనడం లేదు. ఐదు పాయింట్ల వెనకబాటు, నాలుగు నిమిషాల ఆట మిగిలి, బెంచి మీద మీ బెస్ట్ ప్లేయర్ "నేను ఓకే సార్" అంటుంటే కాదనడం ఏ మనిషికైనా కష్టం. ఆ కష్టం మీ మీద పడకుండా చూసుకోండి. గాయమైన వారంలోనే ఒక కాగితం మీద రాయండి. ఏ పరీక్షలు, ఎంత వస్తే, ఎవరు చూసి సంతకం పెడితే దించుతాం. తల్లిదండ్రులకి ఒక కాపీ ఇవ్వండి. సెలక్షన్స్ ముందురోజు ఫోన్లు మొదలైనప్పుడు మీరు వాదించక్కర్లేదు, ఆ కాగితం చూపిస్తే చాలు.

దించడమన్నా ఒక్క దూకుడులో జరిగే పని కాదు. ముందు నిలబడి ఫ్రీ త్రోలు. తర్వాత కదులుతూ షాట్లు, ఎదురు లేకుండా లే-అప్‌లు, అంటే రింగు దగ్గరికి పరిగెత్తి వేసే షాట్లు. తర్వాత ఒకరితో ఒకరు. ఆ తర్వాత ఐదుగురితో పూర్తి ప్రాక్టీస్, అదీ ఒక్క రోజుతో సరిపెట్టకుండా. చివరికి కొద్ది నిమిషాల మ్యాచ్. ప్రతి మెట్టు తర్వాత మర్నాడు పొద్దున వాపు చూడండి. రాత్రికి రాత్రి మోకాలు ఉబ్బితే ఒక మెట్టు వెనక్కి.

నాకిచ్చిన సమయం అయిపోవచ్చింది. ప్రశ్నలు తీసుకుంటాను.

ప్రశ్న: చీలమండ బెణుకులకి కూడా ఇంత తతంగం కావాలా?

ఏసీఎల్ అంత అక్కర్లేదు, కానీ తీసిపారేయకండి. చీలమండ మళ్లీ బెణకడానికి అన్నిటికన్నా పెద్ద కారణం అంతకు ముందు బెణికి ఉండటమే. క్రేప్ బ్యాండేజ్ చుట్టి మూడో రోజు దించేస్తే, ఏడాదికి నాలుగుసార్లు అదే చీలమండ బెణుకుతుంది. కళ్లు మూసుకుని ఒంటికాలి మీద అర నిమిషం నిలబడమనండి, తేడా అక్కడే తెలుస్తుంది. అమెరికాలో విస్కాన్సిన్ హైస్కూల్ బాస్కెట్‌బాల్ ఆటగాళ్ల మీద చేసి 2011లో ప్రచురించిన అధ్యయనంలో, లేసులతో బిగించే బ్రేస్ వేసుకున్నవాళ్లలో చీలమండ గాయాలు మూడో వంతుకు పడిపోయాయి. తిరిగొచ్చే పిల్లలకి అలాంటిది ఒకటి కొనివ్వండి. సిమెంటు కోర్టుల మీద ఆడేవాళ్లకి మరీ అవసరం.

ప్రశ్న: పూర్తిగా బాగయ్యేదాకా మంచం మీద రెస్ట్ ఇప్పిస్తే సేఫ్ కదండీ?

కాదండీ. కండ కరిగిపోతుంది, దమ్ము తగ్గిపోతుంది, ఆ కాలుతో తిరిగొస్తే ఇంకా ప్రమాదం. మొదటి కొన్ని రోజులు సరే. ఆ తర్వాత భరించగలిగినంత బరువు రోజూ పెట్టాలి. కూర్చుని ఒంటిచేత్తో బంతి ఆడించవచ్చు, ఈత కొట్టవచ్చు. జట్టుతో పాటు గ్రౌండుకి రానివ్వండి, ఇంట్లో ఒంటరిగా కూర్చోబెట్టకండి.

ప్రశ్న: తలకి దెబ్బ తగిలినా, ఆడుతూ కళ్లు తిరిగి పడిపోయినా?

ఈ రెండిటికీ నేనిప్పటిదాకా చెప్పిన బేరీజులేవీ వర్తించవు. తలకి దెబ్బ తగిలి తికమకగా ఉంటే ఆ రోజుకి ఆట బంద్, అంతే. తిరిగి రావడం మెట్టు మెట్టుగా, ఒక్కో మెట్టుకి కనీసం 24 గంటలు, ముందు బడికి, తర్వాతే ఆటకి. ఆడుతూ స్పృహ తప్పితే గుండె డాక్టరు చూసి రాసిచ్చేదాకా బంతి ముట్టుకోనివ్వకండి. హాంక్ గాథర్స్ అని లయోలా మేరీమౌంట్ కాలేజీ ఆటగాడు 1989 డిసెంబరులో కోర్టులోనే కూలబడ్డాడు. గుండె లయ తప్పుతోందని మందులిచ్చారు. ఆ మందుతో ఆట మందగిస్తోందనిపించి మోతాదు తగ్గించారు. 1990 మార్చి 4న మ్యాచ్ మధ్యలో పడిపోయి చనిపోయాడు. 23 ఏళ్లు. మోకాలు రెండోసారి పోతే మళ్లీ ఆపరేషన్ చేయొచ్చు. ఇక్కడ ఆ అవకాశం ఉండదు.

సరే, ఇంక కోర్టు దగ్గరికి పదండి. టేపులు, ఫోన్లు తెచ్చుకోండి. ఒక్కొక్కరూ గెంతు పరీక్ష చేయించి, దూరాలు కాగితం మీద రాసి నాకు చూపించాలి.